మధురపూడా, గన్నవరమా, రాత్రి రైలా? గోదావరి డెల్టా నుంచి హైదరాబాద్ ప్రయాణ లెక్క

రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కి విమానంలో ఎంత దూరం, ఎంతసేపు పడుతుంది? దీనికి జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు. మధురపూడి ఎయిర్‌పోర్టు నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి సూటిగా కొలిస్తే సుమారు 360 కిలోమీటర్లు. టైమ్‌టేబుల్లో ప్రయాణ సమయం గంటా ఐదు నిమిషాల నుంచి గంటంపావు దాకా ఉంటుంది.

అయితే ఈ జవాబు పట్టుకుని టికెట్ కొంటే సరిపోదు. అడిగేవాళ్లు అల్లవరంలోనో, మొగల్తూరులోనో, ఆచంటలోనో ఉంటారు. వాళ్లు వెళ్లాల్సింది కూకట్‌పల్లిలో కొడుకు ఇంటికో, ఎల్బీనగర్‌లో ఆసుపత్రికో. ఇంటి గుమ్మం దాటిన దగ్గర్నుంచి అక్కడి గుమ్మం ఎక్కేదాకా లెక్క వేసుకుంటేనే విమానమా, రైలా, బస్సా అన్నది తేలుతుంది. ఏ ఎయిర్‌పోర్టు అన్నది కూడా అప్పుడే తేలుతుంది. మా ఇంట్లో, చుట్టాల్లో ఎవరు బయల్దేరినా టికెట్లు చూసే పని నాదే కాబట్టి ఈ లెక్క నాకు బాగా అలవాటు. దాన్నే ఇక్కడ విడమర్చి చెబుతున్నాను.

గాలిలో లెక్క

మధురపూడి, శంషాబాద్ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. ఇది 17.1 డిగ్రీల దగ్గర, అది 17.2 డిగ్రీల దగ్గర. అందుకే విమానం ఇంచుమించు సూటిగా పడమటికి పోతుంది. ఇదే దూరం కొన్నిచోట్ల 224 అనీ, కొన్నిచోట్ల 195 అనీ కనిపిస్తుంది. మొదటిది మైళ్లలో, రెండోది నాటికల్ మైళ్లలో. ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. మూడూ ఒకటే దూరం, కంగారు పడక్కర్లేదు.

ఈ రూట్లో ఎక్కువగా తిరిగేది ఏటీఆర్ 72. రెండు ప్రొపెల్లర్ల విమానం, ఇండిగో వాళ్ల దాంట్లో 78 సీట్లుంటాయి. వెనక తలుపు నుంచి మెట్లెక్కి లోపలికి వెళ్తాం. రెక్కలు కిటికీల పైన ఉంటాయి కాబట్టి ఏ సీట్లో కూర్చున్నా కిందికి చూపు ఆనుతుంది. పైకి లేచిన కొద్ది నిమిషాలకే గోదావరి దాటుతాం. వేసవిలో అయితే ఇసుక తిన్నెలు, వాటి మధ్య సన్నని పాయలు స్పష్టంగా కనిపిస్తాయి. మొదటిసారి విమానం ఎక్కే పెద్దవాళ్లకి కిటికీ సీటు తీసిపెట్టండి, ఆ కాసేపూ వాళ్ల మొహాలు చూడాలి.

ఏటీఆర్ వేగం గంటకి 500 కిలోమీటర్ల చొప్పున వేసుకుంటే 360 కిలోమీటర్లకి 43 నిమిషాలు చాలు. మరి టైమ్‌టేబుల్లో గంట పైన ఎందుకు రాస్తారు? విమాన కంపెనీలు లెక్కపెట్టేది చక్రాలు నేల వదిలిన క్షణం నుంచి కాదు. ఇక్కడ బ్రేకులు తీసి కదిలిన దగ్గర్నుంచి అక్కడ పార్కింగ్‌లో ఆగేదాకా లెక్క. రన్‌వే చివరిదాకా నడిపించడం, పైకి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఉండే తక్కువ వేగం, శంషాబాద్‌లో దిగాక టెర్మినల్ దాకా రావడం, ఇవన్నీ అందులోనే ఉంటాయి. పైగా కాస్త ఆలస్యమైనా సర్దుకునేందుకు కొన్ని నిమిషాలు ముందే కలిపి పెడతారు. పది నిమిషాలు ముందే దిగిపోయామని అప్పుడప్పుడూ అనుకునేది అందుకే.

ఇంకో సంగతి ఉంది. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగా దిగుతుంది. వానాకాలంలో పడమటి గాలి వీస్తుంది కాబట్టి, మన వైపు నుంచి వెళ్లే విమానం తూర్పు నుంచి సూటిగా వచ్చి దిగిపోవచ్చు. చలికాలంలో తూర్పు గాలి ఉంటే ఎయిర్‌పోర్టు దాటి పడమటికి వెళ్లి, వెనక్కి తిరిగి దిగాలి. అదే విమానం, అదే దూరం, అయినా ఒక నెలకీ ఇంకో నెలకీ కొన్ని నిమిషాల తేడా వచ్చేది ఇలాగే.

ఇప్పుడు మిగతా రెండు ఎయిర్‌పోర్టులు చూద్దాం. విజయవాడ దగ్గరి గన్నవరం నుంచి శంషాబాద్‌కి సూటిగా సుమారు 264 కిలోమీటర్లు, విశాఖ నుంచి సుమారు 512. చూడగానే గన్నవరం వంద కిలోమీటర్లు దగ్గరని అనిపిస్తుంది. ఆ వంద కిలోమీటర్లూ ఏటీఆర్‌కి పన్నెండు నిమిషాలు, ఎయిర్‌బస్‌కి ఏడెనిమిది నిమిషాలు. మన రోడ్ల మీద అదే వంద కిలోమీటర్లకి రెండు గంటల పైనే పడుతుంది. అందుకని గాలిలో దూరం చూసి ఎయిర్‌పోర్టు ఎంచుకోకండి. చూడాల్సింది ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకి ఉన్న రోడ్డునీ, మీకు కావాల్సిన వేళకి అక్కడ విమానం ఉందా అన్నదాన్నీ.

మీ ఊరు ఏ పాయ పక్కన ఉంది?

డెల్టాలో దూరం కిలోమీటర్లలో తెలియదు, వంతెనల్లో తెలుస్తుంది. గౌతమి, వైనతేయ, వసిష్ఠ, వీటిలో ఎన్ని దాటాలి, ఎక్కడ దాటాలి అన్నదే అసలు ప్రశ్న.

అమలాపురం వాళ్లకి మధురపూడే. రావులపాలెం వెళ్లి హైవే ఎక్కి, జొన్నాడ దగ్గర గౌతమి దాటి, వేమగిరి మీదుగా వెళ్తే మొత్తం ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. అమలాపురం నుంచి రావులపాలెం దాకా ఊళ్ల మధ్య నుంచి వెళ్లే రోడ్డే ఎక్కువ టైమ్ తింటుంది. కొత్తపేటలో పెళ్లి ఊరేగింపు ఒకటి అడ్డొచ్చినా అరగంట పోతుంది. రావులపాలెం నుంచి ఆత్రేయపురం, బొబ్బర్లంక మీదుగా ధవళేశ్వరం బ్యారేజీ దాటే దారి చూడ్డానికి ఎంతో బాగుంటుంది. విమానం రోజున మాత్రం వద్దు, బ్యారేజీ మీద దారి ఇరుకు. ఊరికే షికారుగా వెళ్లినప్పుడు ఆ దారి పట్టండి.

రాజోలు, మలికిపురం వైపు వాళ్లు మ్యాప్ చూసి సందేహంలో పడతారు. చించినాడ వంతెన మీదుగా వసిష్ఠ దాటితే పాలకొల్లు, భీమవరం, అటునుంచి గన్నవరం కదా అని. కానీ అది నూట ముప్పై కిలోమీటర్ల దారి. మధురపూడికి వంద లోపో, అటూ ఇటూగానో తేలుతుంది. వాళ్లకీ మధురపూడే మేలు.

ముక్తేశ్వరం వాళ్లకి ఎదురుగానే కోటిపల్లి కనిపిస్తుంది. పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి గౌతమి దాటితే రామచంద్రపురం మీదుగా రాజమండ్రి దారి దగ్గరే. మామూలు రోజుల్లో హాయిగా ఉండే ప్రయాణం అది. విమానం ఉన్న రోజున దాన్ని నమ్ముకోవద్దని నా గట్టి సలహా. పంటు అవతలి ఒడ్డున ఉంటే వచ్చేదాకా ఆగాలి, ఏటికి నీళ్లొస్తే అసలు కదలదు. రావులపాలెం మీదుగా చుట్టు తిరిగినా రోడ్డు దారే పట్టండి.

కాకినాడ వాళ్లకి ఏడీబీ రోడ్డు ఉంది కాబట్టి రాజానగరం మీదుగా మధురపూడి గంటన్నర ప్రయాణం. విశాఖ నూట యాభై కిలోమీటర్ల పైనే. భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు అయితే విశాఖ నగరం దాటి ఇంకా నలభై కిలోమీటర్ల పైనే ఉంది, అంటే దూరం పెరగడమే తప్ప తగ్గదు. మీరు వెళ్లాల్సిన చోటికి విశాఖ వైపు నుంచి నేరుగా విమానం ఉండి, మధురపూడి నుంచి లేకపోతేనే అటు చూడండి. యానాం వాళ్లకీ ఇదే మాట. ద్రాక్షారామం, రామచంద్రపురం మీదుగా మధురపూడికి రావచ్చు.

భీమవరం వాళ్ల సంగతే తేల్చడం కష్టం. కైకలూరు, గుడివాడ మీదుగా గన్నవరం తొంభై కిలోమీటర్ల దరిదాపు. మధురపూడీ దాదాపు అంతే. ఇక్కడ దూరం తీర్పు చెప్పదు, విమానాల సంఖ్య చెబుతుంది. గన్నవరం పెద్ద ఎయిర్‌పోర్టు, రోజుకి విమానాలెక్కువ. ఒకటి రద్దయినా ఆ రోజే ఇంకొకటి దొరికే అవకాశం ఉంటుంది. నేనైతే భీమవరం నుంచి గన్నవరానికే మొగ్గుతాను. కొల్లేటి వైపు రోడ్డు బాగుందో లేదో మాత్రం ముందు రోజు ఎవరినైనా అడిగి కనుక్కుంటాను. నరసాపురం, పాలకొల్లు వాళ్లకి మధురపూడి కాస్త దగ్గర. తణుకు వాళ్లు సిద్ధాంతం, రావులపాలెం మీదుగా హైవే పట్టుకుంటే మధురపూడి సునాయాసం. తాడేపల్లిగూడెం నుంచి కూడా మధురపూడే దగ్గర, కానీ గన్నవరం వైపు అంతా హైవే కాబట్టి అక్కడ మంచి వేళకి విమానం ఉంటే ఇరవై కిలోమీటర్లు ఎక్కువైనా ఫర్వాలేదు. ఏలూరు వాళ్లకి ఆలోచనే అక్కర్లేదు. గన్నవరం నలభై కిలోమీటర్ల చిల్లర, అంతే.

అటువైపు దిగాక

శంషాబాద్ హైదరాబాద్‌కి దక్షిణం అంచున ఉంది. 2008లో ఎయిర్‌పోర్టు బేగంపేట నుంచి అక్కడికి మారాక, విమానం దిగాక కూడా ఒక ప్రయాణం మిగిలింది. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వాళ్లకి ఔటర్ రింగ్ రోడ్డు ఉంది కాబట్టి ముప్పావు గంట. ఎల్బీనగర్, రాజేంద్రనగర్ కూడా ఫర్వాలేదు. కూకట్‌పల్లి, మియాపూర్, నిజాంపేట వైపు అయితే నలభై కిలోమీటర్ల పైమాటే. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ గంటంపావు, గంటన్నర వేసుకోండి. సికింద్రాబాద్, ఉప్పల్ కూడా దూరమే. ఎయిర్‌పోర్టు నుంచి నగరంలోకి పుష్పక్ ఏసీ బస్సులున్నాయి. ఒక్కరే వెళ్తే క్యాబ్ కంటే అదే చవక.

రైలు వాళ్లకి ఈ బాధ తక్కువ. కాకినాడ నుంచి బయల్దేరే గౌతమి ఎక్స్‌ప్రెస్ లింగంపల్లి దాకా వెళ్తుంది. మన గోదావరి జిల్లాల జనం ఎక్కువగా ఉండే కూకట్‌పల్లి, చందానగర్ వైపు వాళ్లకి అది వరం. అయితే ఒక్కటి చూసుకోండి. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమయ్యాక కొన్ని రైళ్లని అక్కడికి మార్చారు. చర్లపల్లి నగరానికి తూర్పు కొసన ఉంది. తెల్లారగట్ల అక్కడ దిగి మియాపూర్ వెళ్లడమంటే ఇంకో ప్రయాణమే. టికెట్ కొనే ముందు చివరి స్టేషన్ ఏదో చదివి మరీ కొనండి.

మొత్తం కూడితే

అమలాపురంలో ఇల్లు, కూకట్‌పల్లిలో దిగాలి అనుకుందాం. విమానంలో అయితే ఎయిర్‌పోర్టుకి రెండుంబావు గంటలు. చెక్-ఇన్ కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి గంటన్నర ముందు అక్కడ ఉండాలి. విమానంలో గంటా పది నిమిషాలు. బ్యాగు తీసుకుని బయట పడేసరికి అరగంట. అక్కడ్నుంచి కూకట్‌పల్లి గంటంపావు. మొత్తం ఆరు గంటల నలభై నిమిషాలు. గాలిలో ఉండేది గంట, నేల మీద గడిచేది అయిదున్నర గంటలు.

రాజమండ్రి వెళ్లి వందే భారత్ ఎక్కితే? 2023 సంక్రాంతికి మొదలైన ఈ రైలు విశాఖ నుంచి పొద్దున్నే బయల్దేరి, రాజమండ్రి నుంచి సికింద్రాబాద్‌కి ఆరున్నర గంటల్లో చేరుస్తుంది. ఇంటి నుంచి స్టేషన్‌కి గంటా ముప్పావు, స్టేషన్లో అరగంట, దిగాక ముప్పావు గంట కలిపితే తొమ్మిదిన్నర గంటలు. విమానం కంటే మూడు గంటలే ఎక్కువ. సూటిగా 360 కిలోమీటర్లైన దూరం రైలు పట్టాల మీద విజయవాడ, కాజీపేట చుట్టి 500 కిలోమీటర్ల దాకా అవుతుంది. అయినా తేడా ఇంతే.

రాత్రి బస్సు అమలాపురంలోనే ఎక్కి కూకట్‌పల్లిలోనే దిగడానికి తొమ్మిది, పది గంటలు. 1974 నుంచి నడుస్తున్న గోదావరి ఎక్స్‌ప్రెస్ అయితే రాత్రి భోజనాల వేళకి రాజమండ్రిలో ఎక్కి తెల్లారేసరికి నగరంలో ఉంటాం. నరసాపురం, పాలకొల్లు, భీమవరం వాళ్లకి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ సొంత ఊళ్లోనే దొరుకుతుంది, స్టేషన్ కోసం కారు మాట్లాడుకునే పని లేదు.

నేను చూసేది గంటల మొత్తాన్ని కాదు, పగలు ఎంత పోయింది అన్నదాన్ని. మధ్యాహ్నం విమానానికి వెళ్తే పొద్దున్న ఇంట్లో ఏ పనీ జరగదు, సాయంత్రానికి అక్కడ చేరతాం, ఆ రోజు అయిపోయినట్టే. రాత్రి రైలుకి వెళ్తే పగలు చేను పనో, కొట్టు పనో చూసుకుని బయల్దేరతాం, తెల్లారి అక్కడ పని మొదలు. ఆరోగ్యంగా ఉండి, బెర్త్ మీద నిద్ర పట్టేవాళ్లకి హైదరాబాద్ వరకు రాత్రి రైలే ఉత్తమం అని నా అభిప్రాయం. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచి ఇస్తున్నారు. రాను, పోను రెండూ ఆ మొదటి రోజుల్లోనే తీసేసుకుంటే ఆఖర్లో తత్కాల్ టెన్షన్ ఉండదు.

విమానం ఎవరికి? మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలకి, చంటిపిల్లల తల్లులకి, వైద్యం కోసం వెళ్లేవాళ్లకి, కబురు అంది ఆ పూటే బయల్దేరాల్సిన వాళ్లకి. వీళ్ల విషయంలో డబ్బు లెక్క పక్కన పెట్టండి. పెద్దవాళ్లకి వీల్‌చెయిర్ కావాలంటే టికెట్ బుక్ చేసేటప్పుడే నమోదు చేయాలి. అక్కడికి వెళ్లాక అడిగితే దొరికినా ఆలస్యమవుతుంది. ఆపరేషన్ జరిగి కొద్ది రోజులే అయితే, ప్రయాణానికి పనికొస్తారని డాక్టర్ రాసిచ్చిన కాగితం వెంట ఉండాలి, లేకపోతే ఎక్కనివ్వకపోవచ్చు.

రాజమండ్రిలోనే ఇల్లుండి గచ్చిబౌలిలో పనున్న వాళ్ల లెక్క మాత్రం పూర్తిగా వేరు. వాళ్లకి ఇంటి నుంచి ఆఫీసు దాకా నాలుగున్నర గంటలు చాలు. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు. విమానం నిజంగా గెలిచేది అక్కడే.

గల్ఫ్ వెళ్లేవాళ్లకి ప్రత్యేకంగా

కోనసీమ నుంచి, పశ్చిమగోదావరి తీరం నుంచి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్లే ఆడవాళ్లు, మగవాళ్లు ఎంతమందో. వాళ్లలో చాలామంది టికెట్ ఏజెంట్ చేతిలో ఉంటుంది, అందులో ఏముందో వాళ్లు చూడరు. దయచేసి ఈ ఒక్క విషయం చూడండి. రాజమండ్రి నుంచి హైదరాబాద్, హైదరాబాద్ నుంచి కువైట్, రెండూ ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద ఉన్నాయా, వేర్వేరుగా ఉన్నాయా?

ఒకే పీఎన్ఆర్ అయితే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా తర్వాతి దాంట్లో పంపే బాధ్యత కంపెనీది. బ్యాగు కూడా సాధారణంగా మధురపూడిలో ఇచ్చేస్తే గమ్యంలోనే తీసుకుంటాం. విదేశీ ప్రయాణానికి ఇచ్చే బరువు పరిమితే మొదటి విమానానికీ వర్తిస్తుంది. వేర్వేరు టికెట్లయితే ఇవేవీ ఉండవు. దేశంలోపల విమానానికి మామూలుగా 15 కిలోలే. గల్ఫ్ టికెట్ మీద 30 కిలోలు ఉన్నాయి కదా అని రెండు పెట్టెలు కట్టుకుని వస్తే మధురపూడి కౌంటర్ దగ్గరే అదనపు బరువుకి డబ్బు కట్టాలి. శంషాబాద్‌లో బ్యాగు తీసుకుని, మళ్లీ చెక్-ఇన్ చేసి, ఇమిగ్రేషన్ దాటాలి. మొదటి విమానం ఆలస్యమైతే రెండో టికెట్ డబ్బు పోయినట్టే.

వేర్వేరు టికెట్లు తప్పకపోతే మధ్యలో కనీసం అయిదారు గంటలు ఉంచుకోండి. ఇంకా మంచిది, ముందు రోజు రాత్రి రైల్లోనో బస్సులోనో హైదరాబాద్ చేరి, చుట్టాలింట్లో స్నానం, భోజనం చేసి, తీరిగ్గా ఎయిర్‌పోర్టుకి వెళ్లడం. వీసా తేదీ దగ్గర పడ్డ మనిషికి ఆ ఒక్క రోజు మనశ్శాంతి చాలా విలువైంది. శంషాబాద్‌లో దేశీయ, అంతర్జాతీయ విమానాలు రెండూ ఒకే టెర్మినల్ కాబట్టి కొత్తవాళ్లయినా దారి తప్పే భయం లేదు.

హైదరాబాద్ దాటి వెళ్లాలంటే

దూరం పెరిగేకొద్దీ విమానం వైపు తూకం మొగ్గుతుంది. మధురపూడి నుంచి ముంబై సూటిగా సుమారు 970 కిలోమీటర్లు, ఢిల్లీ 1,360. బ్రిటిష్ వాళ్ల కాలంలో వేసిన ఈ విమానాశ్రయంలో ఒకప్పుడు రన్‌వే 1,749 మీటర్లే ఉండేది. దాన్ని 3,165 మీటర్లకి పెంచాకే పెద్ద విమానాలు దిగడానికి వీలైంది. 2024 డిసెంబర్‌లో ముంబైకి, ఢిల్లీకి నేరుగా ఎయిర్‌బస్‌లు మొదలయ్యాయి. ఢిల్లీకి రైల్లో ముప్పై గంటల పైనే పడుతుంది, విమానంలో రెండున్నర గంటల దరిదాపు. ఇక్కడ పోలిక పెట్టడం కూడా అనవసరం. నేరుగా వెళ్లే విమానం ఆ రోజు ఉందో లేదో చూసుకుని కొనేయడమే.

చెన్నై, బెంగళూరు మధ్యస్థం. చెన్నై సుమారు 490 కిలోమీటర్లు, బెంగళూరు 620. చెన్నైకి కాకినాడ నుంచి సర్కార్ ఎక్స్‌ప్రెస్ రాత్రి ప్రయాణం, అలవాటైన వాళ్లకి హాయి. బెంగళూరుకి శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఉంది కానీ అది చాలా సుదీర్ఘం. బెంగళూరు వాళ్లకి విమానమే చెబుతాను. దేవనహళ్లి ఎయిర్‌పోర్టు నుంచి నగరంలోకి పట్టే టైమ్ కూడా కలుపుకోండి.

ఏ నెలలో, ఏ పూట

పుష్య మాసంలో డెల్టా మీద పొగమంచు ఎలా కమ్ముతుందో మనకి తెలుసు. వరి చేల మీద, కాలవల మీద పొద్దెక్కేదాకా ఎదుటి మనిషి కనిపించడు. డిసెంబర్, జనవరిల్లో తెల్లవారుజామున మొదటి విమానం ఎంచుకోవద్దు. అటునుంచి వచ్చే విమానం దిగడానికి చూపు చాలక గాల్లో తిరగడమో, వెనక్కి వెళ్లడమో జరుగుతుంది. ఆ నెలల్లో పదకొండు దాటాక ఉండే విమానం మంచిది. మిగతా నెలల్లో దీనికి పూర్తిగా ఉల్టా. ఒకే ఏటీఆర్ రోజంతా నాలుగైదు ఊళ్ల మధ్య తిరుగుతుంది కాబట్టి పొద్దున్న ఎక్కడో జరిగిన ఆలస్యం సాయంత్రానికి పెరిగి మన దగ్గరికి వస్తుంది. అప్పుడు పొద్దుటి విమానమే నమ్మకం. బయల్దేరే ముందు మన విమానం టైమ్ ఒక్కటే కాకుండా, అటునుంచి రావాల్సిన విమానం లేచిందో లేదో కూడా చూసుకోండి.

రెండు గంటలకి మించి ఆలస్యమైతే ఇలాంటి తక్కువ దూరం విమానాలకి తిండి, నీళ్లు ఇవ్వాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమం. ఆరు గంటలు దాటుతుందంటే వేరే విమానమో, పూర్తి డబ్బు వాపసో అడగొచ్చు. మొహమాటపడకుండా అడగండి.

జూలై, ఆగస్టుల్లో ఎగువ నుంచి వరద వచ్చినప్పుడు లంక ఊళ్ల వాళ్లకి అసలు కష్టం ఎయిర్‌పోర్టు దాకా కాదు, రోడ్డు దాకా రావడం. కనకాయలంక కాజ్‌వే లాంటివి మునిగిపోతాయి. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే ఆలోచించకుండా ముందు రోజే ఈవలికి వచ్చేసి రావులపాలెంలోనో రాజమండ్రిలోనో తెలిసినవాళ్లింట్లో ఉండిపోండి.

సంక్రాంతికి మాత్రం ఏ లెక్కా పనిచేయదు. హైదరాబాద్ నుంచి మన వైపు వచ్చే విమానాలకి పండగ ముందు, తిరిగి వెళ్లే వాటికి కనుమ తర్వాత ధరలు చుక్కల్లో ఉంటాయి. 78 సీట్ల విమానంలో చవక సీట్లు కొన్నే ఉంటాయి, అవి అయిపోయాక ధర గబగబా ఎక్కుతుంది. నలుగురున్న కుటుంబమైతే విమానం, రెండువైపులా కార్లు కలిపి ఎంతవుతుందో వేసుకుని, అదే డబ్బుతో ఏసీ రైలు టికెట్లు ఎన్నొస్తాయో చూడండి. పండగకి మధురపూడికి రద్దీ ఎక్కువ ఉన్న రోజుల్లో గన్నవరం ధర కూడా ఒకసారి చూడటం మంచిది, కొన్నిసార్లు అక్కడ కారు ఖర్చు కలిపినా తక్కువకే వస్తుంది. రాత్రి మధురపూడిలో దిగేవాళ్లు ఊరికి కారు ముందే మాట్లాడుకోండి. ఎయిర్‌పోర్టు ఊరికి దూరంగా ఉంది, ఆ వేళప్పుడు అమలాపురం బస్సు కోసం నిలబడితే దొరకదు.

సామాను విషయానికొస్తే, మన వాళ్లు ఖాళీ చేతులతో వెళ్లరు కదా. పూతరేకులు నలగకుండా చేతి బ్యాగులో పెట్టుకోవచ్చు, 7 కిలోల లోపు చూసుకోండి. ఏటీఆర్‌లో పైన అరలు చిన్నవి, పెద్ద ట్రాలీ పట్టదు. ఆవకాయ, నెయ్యి చేతి బ్యాగులో ఉంటే సెక్యూరిటీ దగ్గర తీయించేస్తారు, కొత్తావకాయ అక్కడ వదిలేసి వెళ్లడం ఎంత బాధో చెప్పక్కర్లేదు. వాటిని మూత బిగించి, కవర్లో చుట్టి, చెక్-ఇన్ పెట్టెలో బట్టల మధ్య పెట్టండి. కురిడీ కొబ్బరి మాత్రం ఏ బ్యాగులోనూ వద్దు. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, దానంతటదే వేడెక్కి నిప్పంటుకునే సరుకుల జాబితాలో అది ఉంది, విమానంలోకి రానివ్వరు. కురిడీలు తీసుకెళ్లాలంటే రైలో, బస్సో ఎక్కండి.